వృథా చాలని వీధి

ఆ తేదీ నాకు బాగా గుర్తు. పోయినేడాది ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. ఆ పొద్దున నేను దిబ్బరొట్టె తిన్నాను. మా ఆవిడ రాజ్యం పోయిన నాలుగేళ్లలో అంచు ఎర్రగా వేగి, అడుగు మాడకుండా, మధ్యలో పచ్చి మిగలకుండా నా చేతి మీద వచ్చిన మొదటి దిబ్బరొట్టె అది. పిండి పక్కింటి వీరవేణిది. మూకుడు రాజ్యానిది. సన్నటి సెగ మీద వదిలేసి పేపరు చదువుకోవడం ఒక్కటే నాది. ఆఖరి ముక్క బెల్లం పాకంలో ముంచుకుంటుండగా గేటు దగ్గర లైన్‌మన్ యేసురత్నం కేకేశాడు.

“దాసు గారూ! సర్క్యులరొచ్చిందండి. సంతకం పెట్టాలి. చదివాక పెట్టినా పర్లేదు, పెట్టాక చదివినా పర్లేదు.”

చేయి కడుక్కుని సంతకం పెట్టి చదివాను. విద్యుత్తు శాఖకి అప్పటికే ఉన్న విభాగాలు చాలక ఇంధన పొదుపు సాధన విభాగం అని కొత్తగా ఒకటి వెలిసింది. ఆ విభాగం వారి మొదటి ఉత్తర్వు ఇది. “ఇంటి కప్పుపై సౌర ఫలకములు గల గృహ వినియోగదారులందరూ తమ గృహములయందు వోల్టేజి సంస్కరణ పేటికను విధిగా అమర్చుకొనవలెను. మార్చి ముప్పది ఒకటవ తేదీ లోగా పేటిక ద్వారా తగు పొదుపు కనపరచని వారి సౌర అనుమతి రద్దు కాగలదు.”

మా కాలనీ మూడో వీధిలో పదకొండు ఇళ్లు. పదకొండింటి మీదా సోలారు పలకలున్నాయి. పగలు పలకలు చేసిన కరెంటులో మేం వాడగా మిగిలింది లైనులోకి పోతుంది. సాయంత్రం అంతకంత మళ్లీ తీసుకుంటాం. ఆ ఇచ్చిపుచ్చుకోవడానికి శాఖ ఇచ్చే కాగితమే సౌర అనుమతి. అది రద్దయితే నాకు పెద్దగా వచ్చే నష్టం లేదు. నాకున్నది ఒక ఫ్యాను, రెండు లైట్లు, ఒక రేడియో. కానీ వీరవేణికి అలా కాదు. ఆమెకి ఇంటి వెనక పెద్ద గ్రైండరుంది. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఇడ్లీ పిండి, అట్ల పిండి రుబ్బుతుంది. అది రాత్రంతా పులిసి, తెల్లారేసరికి కాలవగట్టు మీది రెండు టిఫిన్ సెంటర్లకి క్యాన్లలో వెళ్తుంది. పగటి కరెంటు సాయంత్రం వాడుకోవచ్చన్న ఒక్క ధైర్యంతోనే ఆమె ఆ గ్రైండరు కొంది. అనుమతి పోతే ఆ పిండి వ్యాపారం కూడా పోయినట్టే.

“అంటే ఏంటండీ బాబాయ్ గారూ?” అని అడిగింది ప్రహరీ మీదుగా.

“పెట్టె పెట్టుకోవాలిటమ్మా. పెట్టుకుని పొదుపు చేసి చూపించాలిట.”

“చూపిద్దాం లెండి. నేనెప్పుడు దుబారా చేశాను గనక,” అంది వీరవేణి. ఆమె కష్టమంతా అక్కడే ఉందని ఆ రోజు మా ఇద్దరికీ తెలియదు.

శనివారం సాయంత్రం పేరిశాస్త్రి ఇంటి ముందు షామియానా వేశారు. పేరిశాస్త్రి లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. మా వీధి సంఘానికి కార్యదర్శి. కొత్తది ఏది వచ్చినా ముందు అతనింటికే రావాలి. ఉపన్యాసానికి విభాగం డిప్యూటీ డైరెక్టరు పరాంకుశం గారు వచ్చారు. వెనక మా సెక్షను ఏఈ కుముదిని గారు నిబంధనల పుస్తకం పట్టుకుని నిలబడింది. ఆ పుస్తకంలో రంగురంగుల కాగితపు గుర్తులు ఎన్ని ఉన్నాయంటే అది పుస్తకంలా కాక పెళ్లి తోరణంలా కనబడింది.

“ప్రస్తుతము మీ గృహములకు రెండు వందల నలుబది వోల్టులు అందుచున్నవి,” అన్నారు పరాంకుశం గారు. “మీకు రెండు వందల ఇరువది చాలును. తద్వారా తక్కిన ఇరువది వోల్టులు మీ గోడలలో, మీ తీగలలో, మీ అజాగ్రత్తలో వృథా అగుచున్నవి. ఈ పేటిక ఆ ఇరువదిని గుమ్మము వెలుపలనే నిలిపివేయును.”

“నిలిపేసిన ఆ ఇరవై ఏం చేత్తారండీ?” అంది వీరవేణి.

“అది విధాన నిర్ణయము,” అన్నారాయన.

నాకూ ఒక సందేహం వచ్చింది. లేచి అడిగాను. “పగలంతా మా కరెంటు మేమే చేసుకుంటున్నాం కదండీ. ఇంకా ఈ పెట్టె అవసరమంటారా?”

పరాంకుశం గారు నావైపు జాలిగా చూశారు. “సౌర ఫలకము ఉత్పత్తి. పేటిక సంస్కారము. ఉత్పత్తి గలవారికి సంస్కారము అక్కరలేదని తమరి అభిప్రాయమా?”

సంస్కారం అక్కర్లేదని పదిమందిలో ఎవరంటారు? కూర్చున్నాను. పేరిశాస్త్రి నా చెవిలో, “నీకు మొదట్నించీ శాస్త్రం మీద నమ్మకం లేదు దాసూ. ఇంట్లో ప్రెషర్ కుక్కరు వచ్చిన రోజు కూడా నువ్వు వీధిలో నిలబడ్డావని మా చెల్లెమ్మ చెప్పేది,” అన్నాడు. మా చెల్లెమ్మ అంటే రాజ్యమే. ఆమెని తలుచుకునేవాళ్లు ఈ వీధిలో ఇంకా ఉన్నందుకు సంతోషించాను.

వారం తిరిగేసరికి ఇంటికో పెట్టె వచ్చింది. బీరువా లాకరంత ఉంటుంది, బరువు కూడా అంతే. ఎప్పుడూ సన్నగా గుయ్యిమంటూ ఉంటుంది. పేరిశాస్త్రి తన పెట్టెకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాడు. నా పెట్టె బిగించడానికి యేసురత్నం వచ్చాడు. ముప్పై ఏళ్లుగా స్తంభాలెక్కుతున్న మనిషి.

“ఉన్నమాట చెప్పు రత్నం. దీనివల్ల ఏమైనా లాభముందా?”

అతను వీధిలోకి ఓసారి చూసి గొంతు తగ్గించాడు. “పాతకాలంలో ఉండేదండి. గాజు బుడ్డి బల్బులు, పాత ఫ్యాన్లు ఎంత వోల్టేజి ఇత్తే అంతా తాగేసేవి. తగ్గిత్తే తక్కువ తాగేవి. ఇప్పుడు మీ ఎల్‌ఈడీ బల్బూ, కొత్త ఫ్యానూ అలాక్కాదండి. వాటికి కావాల్సింది కొలుచుకుని తీసుకుంటాయి. వోల్టేజి తగ్గినా ఆటి కొలత తగ్గదు. గీజరంటారా, తక్కువిత్తే ఇంకాసేపు మరిగిద్ది. ఇక పగలు మీ సోలారు కరెంటే కదా. అందులో ఇదేం మిగిలిత్తది? పైగా ఈ గుయ్యిమనే సప్పుడుకి కూడా కరెంటేనండి.”

“మరి మన వీధిలో మధ్యాహ్నం వోల్టేజి పెరిగిపోయి సోలారు ఆగిపోతోందే, దానికైనా పనికొస్తుందా?”

“అందరి పలకలూ ఒకేసారి లైన్లోకి తోత్తే పెరిగిద్దండి. అది ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక మెట్టు దింపుకుంటే సరిపోద్ది. ఈ పెట్టె ఇంట్లోకి వచ్చేదాన్నే తగ్గిత్తది, లైన్లోదాన్ని కాదు.” స్క్రూ బిగించి చేతులు దులుపుకున్నాడు. “నేను చెప్పానని అనకండేం.”

అనలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే అతను రిటైరయ్యాడు గనక.

ఆ సాయంత్రమే చిక్కొచ్చింది. మా వీధి లైను చివర ఉంది. పగలు ఎంతున్నా సాయంత్రం అందరూ మోటార్లు వేసేసరికి వోల్టేజి రెండు వందలకి పడిపోతుంది. పెట్టెకి ఆ తేడా తెలియదు. ఎంత వచ్చినా ఇరవై తీసేస్తుంది. నాలుగింటికి వీరవేణి మినప్పప్పు పోసి స్విచ్చి వేసింది. గ్రైండరు మూలిగింది తప్ప రాయి కదల్లేదు. చేత్తో తిప్పి సాయం పడితే రెండు చుట్లు తిరిగి మళ్లీ ఆగింది. ఆ రోజు పప్పంతా ఆమె, వాళ్ల అత్తగారు చిన్న మిక్సీలో గుప్పెడు గుప్పెడు వేసి రుబ్బారు. పదకొండు వాయిలయ్యాక మిక్సీ మాడు వాసనొచ్చింది.

ఫిర్యాదు రాశాం. నాలుగో రోజున జవాబొచ్చింది. “తమ గ్రైండరు తిరగకపోవుట పేటిక యొక్క పనితీరుకు నిదర్శనము. సదరు తిరగకపోవుటను పొదుపు క్రింద నమోదు చేయడమైనది. అభినందనలు.”

వీరవేణి ఆ అభినందనలు చదివి, “అంటే నాకు మార్కులొచ్చాయాండీ?” అంది. వచ్చాయనే చెప్పాను. ఏదో ఒకటి వచ్చిందనుకుంటే మనిషికి కాస్త ఊరట.

నిజానికి మార్కులు రాలేదు. నెలాఖరున ఏఈ కుముదిని గారు రీడింగులు తీసుకుని వాడిన ముఖంతో మా వరండాలో కూర్చుంది. మంచినీళ్లిచ్చాను.

“మీ వీధి ఫలితం చాలా ఇబ్బందిగా ఉందండీ. పదకొండిళ్లలోనూ పొదుపు సున్నా. ఇద్దరిళ్లలో సున్నా కన్నా తక్కువ.”

“మేం ముందునించీ తక్కువే వాడుతున్నామమ్మా.”

“అదేనండీ సమస్య. పెట్టెకి పొదుపు చేయడానికి మీ ఇళ్లలో వృథా తగినంత లేదు. ఇలా అయితే అనుమతులు రద్దవుతాయి. పై వాళ్లకి రాశాను.”

పై వాళ్లు వెంటనే స్పందించారు. ప్రభుత్వంలో అంత వేగం నేను చూడలేదు. మార్చి నాలుగున ఒక వ్యాను వచ్చి ఇంటికో అట్టపెట్టె దింపింది. దాని మీద ‘ప్రామాణిక వృథా సామగ్రి’ అని రాసి ఉంది. లోపల వంద వాట్ల గాజు బల్బులు నాలుగు, చోకుతో సహా ఒక పాత ట్యూబులైటు, గిర్రున తిరగడం కన్నా ఎక్కువ వేడెక్కే ఒక ఫ్యాను. కూడా వినియోగ సూచనలు. “సదరు సామగ్రిని దినమునకు ఎనిమిది గంటలు నిరుపయోగముగా వెలిగించవలెను. ఉపయోగించినచో వృథాగా పరిగణింపబడదు.”

పేరిశాస్త్రి సూచనలు అక్షరం తప్పకుండా పాటించాడు. బల్బు వెలుగులో తను పేపరు చదివితే అది ఉపయోగం అవుతుందని కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నేను మాత్రం తప్పు చేశాను. ఆ పసుపుపచ్చ వెలుగు రాజ్యం ఫోటో మీద పడితే ఆమె ముఖం పెళ్లినాటి లాంతర్ల కింద ఉన్నట్టు కనిపించేది. రోజూ కాసేపు చూసేవాణ్ణి. శాఖ వారు దాన్ని ఉపయోగం కింద రాసుకోకపోవడం వాళ్ల దయ.

ఫలితం మళ్లీ చాల్లేదు. ఈసారి తప్పు సూర్యుడిది. పగలంతా పలకల కరెంటే వస్తుంటే పెట్టె చేసిన పొదుపు లైను లెక్కలో కనబడ్డం లేదు. మార్చి పదకొండున ఉత్తర్వు వచ్చింది. “సౌర ఫలకముల జోక్యము వలన పేటిక ప్రతిభ వెలుగులోనికి వచ్చుట లేదు. కావున ఉదయము ఏడు నుండి సాయంత్రము ఐదు వరకు ఫలకములను కప్పి ఉంచవలెను.”

ఇంటికో నీలం బరకం కూడా వాళ్లే ఇచ్చారు. మేడ మీద నుంచి చూస్తే మా వీధి అంతా తుఫాను బాధితుల శిబిరంలా ఉండేది. యేసురత్నం బరకం తాళ్లు బిగిస్తూ, “ముప్పై ఏళ్లల్లో ఎండ తాగే పలకలకి గొడుగు పట్టడం ఇదే మొదలండి,” అన్నాడు. వీరవేణి అత్తగారు మాత్రం చాలా సంతోషించింది. అంత విశాలంగా, అంత శుభ్రంగా, అంత వంపుగా వడియాలు పెట్టుకునే చోటు ఆవిడ జన్మలో దొరకలేదుట. నాకూ ఒక డబ్బాడు గుమ్మడి వడియాలు వచ్చాయి.

కానీ గ్రైండరు మూలుగుతూనే ఉంది. వీరవేణి మినప్పప్పుని మధ్యాహ్నమే నానబోసి, ఒంటిగంటకి, వోల్టేజి బాగున్న వేళ రుబ్బడం మొదలెట్టింది. మార్చి ఎండకి పిండి సాయంత్రానికే పులిసి, తెల్లారేసరికి పుల్లగా అయిపోయింది. టిఫిన్ సెంటరు బుల్లబ్బాయి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

“వేణమ్మా, నీ పిండి ఇడ్లీ కాదు, మజ్జిగపులుసు అవుతోంది. జనం మొహం చిట్లిస్తున్నారు.”

“నాలుగు రోజులు ఓపిక పట్టన్నయ్యా.”

“పడతాను. నెలాఖరు దాకా పడతాను. తర్వాత నన్నేమీ అనుకోకు. పిండమ్మే రావులపేటోడు సైకిలేసుకుని రోజూ నా కొట్టు ముందే తిరుగుతున్నాడు.”

ఆమె ఫోను పెట్టేసి, “నెలాఖరుకే కదండీ అనుమతి గడువు కూడా,” అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

మార్చి పదిహేడున రీడింగుల పట్టిక బయటపెట్టారు. మా వీధిలో ఒక ఇంట్లో పొదుపు నూటికి నూరు వచ్చింది. తొమ్మిదో నంబరు ఇల్లు. ఆ ఇంటివాళ్లు కోడలి పురిటికి విశాఖపట్నం వెళ్లి పదిహేను రోజులైంది. ఇంటికి తాళం.

పరాంకుశం గారు స్వయంగా వచ్చి ఆ తాళానికి పూలదండ వేశారు. గేటుకి ‘ఆదర్శ గృహము’ అన్న పలక కొట్టించారు. “ఈ గృహస్థుల నిగ్రహము చూడుడు!” అన్నారు. “ఒక్క దీపము లేదు. ఒక్క ఫ్యాను లేదు. తద్వారా పేటిక తన పూర్ణ ప్రతిభను కనపరచినది. తక్కిన పది గృహములు దీనిని ఆదర్శముగా గైకొనవలెను.”

“వాళ్లు ఇంట్లో లేరండి,” అన్నాను.

“అదియే కదా పద్ధతి!” అన్నారు.

మర్నాటి నుంచి సాయంత్రం ఐదు మొదలు తొమ్మిది దాకా ఇళ్లకి తాళాలు వేసి వీధిలో ఉండాలని ఉత్తర్వు. ఇక్కడొక సంగతి చెప్పాలి. మా వీధిలో సాయంత్రాలు ఎవరూ బయటికొచ్చేవారు కాదు. ఎవరి టీవీ వారిది, ఎవరి తలుపు వారిది. రాజ్యం పోయాక ఆ నాలుగు గంటలూ నాకు నలభై గంటల్లా ఉండేవి. ఇప్పుడు శాఖ వారి పుణ్యాన పది కుటుంబాలూ కుర్చీలూ మడత మంచాలూ తెచ్చుకుని రోడ్డు మీద కూర్చున్నాయి. కాలవ మీంచి గాలి. ఎవరో వేయించిన శనగలు. ఎనిమిదో నంబరు ఆయనకి నాటకాల్లో పద్యాలు వచ్చని పన్నెండేళ్ల తర్వాత ఆ వారం తెలిసింది. నేనొక్కణ్ణే తింటున్నానని చూసి మూడిళ్లవాళ్లు కూర గిన్నెలు పంపారు. తుగ్లకు పనిలో కూడా ఇలాంటి మేళ్లు ఎక్కడో జారిపడుతుంటాయి. ఏరుకునే తీరిక ఉండాలంతే.

ఆ వినోదంలో వీరవేణి పాలుపంచుకోలేదు. తాళం వేసిన ఇంటి మెట్ల మీద నానిన పప్పు గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

మూడో సాయంత్రం లేచి, “బాబాయ్ గారూ, ఆఫీసుకెళ్లొద్దాం రండి. ఆ కుముదిని గారి కాళ్లైనా పట్టుకుంటాను,” అంది.

“అంత దాకా వద్దులే. ముందు మాట్లాడదాం,” అని బయల్దేరాను. పేరిశాస్త్రి కూడా వెంట వచ్చాడు. పథకం గురించి చెడుగా మాట్లాడితే సరిదిద్దడానికిట.

సెక్షను ఆఫీసు ట్రాన్స్‌ఫార్మరుని ఆనుకునే ఉంది. లోపల లైట్లు దేదీప్యమానంగా ఉన్నాయి. కుముదిని గారు విషయమంతా విని, పుస్తకం ఆ చివర నుంచి ఈ చివరికి తిరగేసింది.

“మినహాయింపు ఇవ్వడానికి నా దగ్గర గడి లేదమ్మా. ఫారంలో ‘పాటించారు’, ‘పాటించలేదు’ రెండే ఉన్నాయి.”

“ఇక్కడ వోల్టేజి ఎంతుందండీ?” అని అడిగాను.

“రెండు వందల ముప్పై ఐదు.”

“పెట్టె లేదా?”

“ఇది ఆఫీసు కదండీ. ఉత్తర్వు గృహాలకి మాత్రమే.”

వీరవేణి చటుక్కున తలెత్తింది. “అయితే నేనిక్కడ రుబ్బుకోనాండీ?”

కుముదిని గారు మళ్లీ పుస్తకం తీసింది. పావుగంట వెతికింది. ఆ వెతకడంలో శ్రద్ధ చూస్తే ఆవిడకీ మనసులో కాదనే నిబంధన దొరకకూడదనే ఉందేమో అనిపించింది. చివరికి పుస్తకం మూసి, “ఆఫీసులో గ్రైండరు పెట్టకూడదని ఎక్కడా లేదు,” అంది.

మర్నాడు వీరవేణి భర్త తన ట్రాలీ ఆటోలో గ్రైండరుని తెచ్చి రికార్డు గదిలో దింపాడు. స్విచ్చి వేయగానే రాయి కూనిరాగం తీస్తూ తిరిగింది. నెల తర్వాత ఆ చప్పుడు విని వీరవేణి పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది. ఆ సాయంత్రం నుంచి ఆఫీసులో ఫైళ్లు కూడా చకచకా కదిలాయని, సిబ్బంది ఎవరూ ఐదింటికి ఇంటికి పోవడం లేదని చెప్పుకున్నారు. గుమాస్తా ఒకాయన ఆఫీసు పొయ్యి మీద అట్లు వేసి చూపించాడు. బుల్లబ్బాయి ఫోను చేసి, “ఇదీ పిండంటే!” అన్నాడు.

ఎనిమిది రోజులు హాయిగా గడిచాయి. మార్చి ఇరవై తొమ్మిదిన, సెక్షను ఆఫీసులో వాడకం ఎందుకు పెరిగిందో చూడ్డానికి పరాంకుశం గారు తనిఖీకి వచ్చారు.

శాఖలో ఒక ఆచారముంది. తనిఖీకి వచ్చిన అధికారి నోట వెలువడిన ప్రతి మాటా వెనకే నడిచే గుమాస్తా తనిఖీ పుస్తకంలో రాస్తాడు. రాసింది ఉత్తర్వవుతుంది. కొట్టివేత అన్న మాట ఆ పుస్తకం పుట్టాక లేదు. అందుకే తెలివైన అధికారులు తనిఖీలో దగ్గుతారు తప్ప మాట్లాడరు. పరాంకుశం గారికి మాత్రం మాట్లాడకపోతే ఊపిరాడదు.

రికార్డు గది గుమ్మంలో ఆగి గ్రైండరుని చూశారు. వీరవేణి చేతులనిండా పిండితో లేచి నిలబడింది. నేను, పేరిశాస్త్రి బల్ల మీద కూర్చుని ఉన్నాం.

“ఏమిది?”

“పిండి సార్,” అంది కుముదిని గారు.

“ప్రభుత్వ కార్యాలయములో గృహ కార్యకలాపమా! జప్తు చేయుడు!”

గుమాస్తా రాశాడు. వీరవేణి గ్రైండరుకి అడ్డంగా నిలబడింది. “సార్! ఇది తీసుకుపోతే నేను రేపటికి ఏం పంపనండీ? ఇంట్లో తిరగదు, ఇక్కడ తిప్పొద్దంటారు. ఇంకెక్కడికి పోనండీ? కాలవలో పెట్టుకోనా?”

నేను బల్ల మీంచి లేచాను. మాట్లాడింది మాత్రం పేరిశాస్త్రి. అతను వీరవేణి కోసం మాట్లాడలేదు. పథకంలో తర్కం తప్పడం అతనికి నచ్చలేదు. బోర్డు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

“అయ్యా, క్షమించాలి. జప్తు నిబంధనకి విరుద్ధం. ఉత్తర్వు మొదటి పేజీ రెండో పేరా చూడండి. ‘గృహమనగా గృహ కార్యకలాపము జరుగు ఏ ప్రదేశమైనను.’ ఇక్కడ జరుగుతున్నది గృహ కార్యకలాపమని తమరే సెలవిచ్చారు. కాబట్టి ఇది గృహం. గృహంలో గ్రైండరు ఉండొచ్చు. ఉండాల్సినది పెట్టె. అది లేదు. లోపం గ్రైండరుది కాదు, ఆఫీసుది.”

పరాంకుశం గారు తనిఖీ పుస్తకం వైపు చూశారు. గుమాస్తా అప్పటికే రాసేశాడు.

“కుముదిని గారూ, ఆ పేరా ఉన్నదా?”

“ఉంది సార్. తమరి సంతకంతోనే.”

ఆయన గడ్డం నిమురుకున్నారు. వెనక్కి తగ్గడం ఆయన ఉద్యోగ ధర్మంలో లేదు. “మంచిది. జప్తు వాయిదా వేయుడు. పేటిక అమర్చుడు. గృహ కార్యకలాపము జరుగు కార్యాలయములన్నిటికీ ఇది వర్తించును.”

“టీ కాచుకోవడం గృహ కార్యకలాపమేనాండీ?” అని అడిగాడు పేరిశాస్త్రి, నిజంగా తెలుసుకోవాలనే.

“అనుమానమేల?” అన్నారు పరాంకుశం గారు. గుమాస్తా అదీ రాశాడు.

రాష్ట్రంలో టీ కాచుకోని ప్రభుత్వ కార్యాలయం నాకు తెలిసి లేదు. ఆ విభాగం ప్రధాన కార్యాలయంలో అయితే మూడు స్టవ్వులున్నాయిట. రెండు రోజుల్లో అన్నిటికీ పెట్టెలు వచ్చాయి. మా సెక్షను ఆఫీసులో ఇరవై పోయినా రెండు వందల పదిహేను మిగలడంతో వీరవేణి రాయి తిరుగుతూనే ఉంది. ఆ వెనకే వృథా సామగ్రి వచ్చింది. మేడ మీది పలకలకి బరకాలు వచ్చాయి. ప్రధాన కార్యాలయంలో ఏసీలు వేడి గాలి ఊదాయి. కంప్యూటర్లు మూలిగి ఆరిపోయాయి. ఇదే సందులో మా అనుమతుల గడువు ముప్పై ఒకటో తేదీ వచ్చి వెళ్లిపోయింది. రద్దు ఉత్తర్వులు అచ్చు వేసే యంత్రం తిరగలేదుట.

ఏప్రిల్ మూడున ఆదర్శ గృహ నియమం కూడా ప్రధాన కార్యాలయానికి వర్తించింది. గృహాలకి సాయంత్రం ఐదు నుంచి తాళం. కానీ కార్యాలయంలో పొదుపు నూటికి నూరు రావాలంటే పగలు కూడా తాళం వేయాలని ఎవరో లెక్కకట్టారు. వేశారు. సిబ్బంది అంతా ఫైళ్లతో రోడ్డెక్కారు. పరాంకుశం గారు కొబ్బరిబొండాల బండి పక్కన బల్ల వేయించుకుని, ఎండలో, నెత్తిన నీలం బరకం ముక్క కప్పుకుని సంతకాలు పెట్టారని యేసురత్నం కళ్లారా చూసి వచ్చి చెప్పాడు. “ఆయన మొహం చూత్తే జాలేసిందండి. బొండాలోడు కూడా డబ్బులు తీసుకోలేదు.”

ఏప్రిల్ ఏడున చివరి సర్క్యులర్ వచ్చింది. “వోల్టేజి సంస్కరణ పథకము ఆశించిన ఫలితములన్నియు సంపూర్ణముగా సాధించినందున, ఇక సాధించవలసినది ఏమియు మిగలనందున, విజయవంతముగా ముగించడమైనది. సౌర అనుమతులు యథాతథముగా కొనసాగును. పేటికలను తొలగించవలెను.”

పేరిశాస్త్రి అది రెండుసార్లు చదివి, “చూశావా, విజయం,” అన్నాడు. అతని గొంతులో మాత్రం ఆ విజయం లేదు. పాపం, పెట్టెకి రాసిన పసుపు ఇంకా పోలేదు.

మర్నాడు సాయంత్రం యేసురత్నం వచ్చి పెట్టెలు విప్పాడు. కిందటి వారం సెక్షనుకి వచ్చిన కొత్త ఉత్సాహంలో కుముదిని గారు ఎవరినీ అడక్కుండా ట్రాన్స్‌ఫార్మరు దగ్గర వోల్టేజి కూడా సర్దించిందిట. వీరవేణి ఇంటికొచ్చిన గ్రైండరులో పప్పు పోసి, ఒక క్షణం కళ్లు మూసుకుని స్విచ్చి వేసింది. రాయి తిరిగింది. ఆగలేదు. గోడ ఇవతల నేను రేడియో తగ్గించి చాలాసేపు ఆ చప్పుడే విన్నాను.

ఏడున్నరకి, అలవాటు కొద్దీ కుర్చీ తెచ్చుకుని బయట కూర్చున్నాను. వీధిలో ఎవరూ లేరు. అన్ని కిటికీల్లోనూ లైట్లు, అన్ని ఇళ్లల్లోనూ టీవీలు. కాలవ గాలి మాత్రం మునుపటిలాగే వచ్చింది. కాసేపటికి ఎదురింటి గేటు చప్పుడైంది. పేరిశాస్త్రి కుర్చీ మోసుకుంటూ వచ్చి నా పక్కన వేసుకున్నాడు. పెట్టె సంగతి అతనెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

“ఏం కూర?” అన్నాడు.

“పొట్లకాయ.”

“పాలు పోశావా?”

“పోశాను. విరిగాయి.”

“ఉప్పు ముందే వేసుంటావు. రేపు నేనొచ్చి చూపిస్తాను,” అన్నాడు.

ఎనిమిది దాటాక గ్రైండరు ఆగింది. వీరవేణి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“ఇదేంటండీ, ఇంకా బయటే ఉన్నారు? ఇంట్లో ఉండొచ్చంట కదా ఇప్పుడు!”

“ఉండొచ్చుటమ్మా,” అన్నాను. “పిండి?”

“రెండు క్యాన్లూ నిండాయండి.”

అలా చెబుతుంటే ఆమె భుజాలు దిగడం చీకట్లో కూడా తెలిసింది. లోపల నిద్రపోతున్న అత్తగారి వైపు ఓసారి చూసింది. మాకిద్దరికీ తలూపి, గడియ చప్పుడు కాకుండా చేతి బొటనవేలు అడ్డం పెట్టి, తలుపు మెల్లగా దగ్గరికి వేసుకుంది.